రెండో దారి లేని ఊరు

1872 ఫిబ్రవరి 26, సోమవారం పొద్దున్నే. అమెరికాలో, పెన్సిల్వేనియా కొండల నడుమ ఉన్న టైటస్‌విల్ ఊళ్లో, రైల్వే గూడ్సు షెడ్డు ముందు నువ్వు నిలబడి ఉన్నావు.

కాళ్ల కింద నేల కనిపించదు. మంచూ, బురదా, చమురూ కలిసి నల్లటి ముద్దయిపోయాయి. అడుగు తీసి అడుగు వేస్తుంటే బూటు ఊడి అందులోనే ఉండిపోయేలా ఉంది. గాలి నిండా ముడి చమురు కంపు. బట్టలకీ, రొట్టెకీ, పసిపిల్లల జుట్టుకీ అదే వాసన. నీకది ఎప్పుడో అలవాటైపోయింది. ఈ కంపే నీ ఇంట్లో పొయ్యి వెలిగిస్తోంది. 1859లో ఈ ఊరి పక్కనే డ్రేక్ అనే ఆయన 69 అడుగుల లోతున చమురు పట్టాడు. అప్పట్నుంచి వాగు పొడుగునా బావులే. వాటిల్లో రెండు నీవి.

వెనక బండి నిండా పీపాలు. ఓకు చెక్కతో చేసి ఇనప పట్టీలు బిగించినవి. ఒక్కో పీపాకు 42 గాలన్లు. ఒకదాని మూత మీద చెయ్యి వెయ్యి. చల్లగా, జిడ్డుగా ఉంది. ఈ పీపా న్యూయార్కు చేరితేనే నీకు డబ్బు. అక్కడ దీన్ని కాచి కిరసనాయిలు తీస్తారు. ఇక్కడే ఉండిపోతే ఇది చమురు కాదు, వట్టి మురికి.

కిటికీ వెనక గుమాస్తా కుర్రాడు రోజూ నవ్వుతూ పలకరించేవాడు. ఇవాళ తలెత్తడం లేదు.

"ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?"

"రేటు మారిందండీ."

కాగితం నీ వైపు తిప్పుతాడు. చదువుతావు. మళ్లీ చదువుతావు. మొన్నటి రేటుకి ఇంచుమించు రెట్టింపు ఉంది.

"అచ్చుతప్పేమో చూడు."

"తప్పు కాదండీ."

నీ వెనక వరసలో గొణుగుడు మొదలవుతుంది. ఎవడో పేపరు పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. రేటు అందరికీ పెరగలేదట. ఒక్క కంపెనీకి మాత్రం పెరగలేదట. దాని పేరు సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ. అక్కడున్న ఇరవై ముప్పై మందిలో ఆ పేరు విన్నవాడు ఒక్కడూ లేడు.

ఇప్పుడేం చేస్తావు? చెయ్యి ఇంకా పీపా మీదే ఉంది. ఆలోచించు.

డబ్బు కట్టి సరుకు ఎక్కించొచ్చు. బావి దగ్గర పీపా చమురు ధర 4 డాలర్లకు అటూ ఇటూ ఆడుతోంది. అందులోనే కూలీ, బొగ్గు, పీపా, అప్పు మీద వడ్డీ. ఈ రేటు కడితే నీ చేతిలో మిగిలేది నూనె మరకలే.

బండ్ల మీద తోలొచ్చు. న్యూయార్కు మూడు వందల మైళ్లకు పైనే. మధ్యలో కొండలు. ఈ బురదలో పక్క ఊరు చేరేసరికే గుర్రాలు చతికిలబడతాయి. లాభం లేదు.

వాగు ఉంది. అది పోయి అలెఘెనీ నదిలో కలుస్తుంది. నది పిట్స్‌బర్గ్ వెళ్తుంది. ఇది శీతాకాలం, నీళ్ల మీద మంచు పలకలు. సరే, మంచు కరిగి పడవ పిట్స్‌బర్గ్ చేరిందే అనుకో. అక్కణ్నుంచి తూర్పుకు మళ్లీ రైలే ఎక్కించాలి. ఆ రైలు పెన్సిల్వేనియా రైల్‌రోడ్డుది. దాన్ని నడిపే టామ్ స్కాట్ ఈ కొత్త రేట్ల ఏర్పాటులో ముఖ్యుడు.

ఎటు తిరిగినా అదే గుమ్మం.

అలాగని రైలు కంపెనీ ఒక్కటే లేదు. మూడున్నాయి: పెన్సిల్వేనియా, ఈరీ, న్యూయార్క్ సెంట్రల్. నిన్నటిదాకా ఆ మూడూ ఒకదాని సరుకు ఒకటి లాక్కోవడానికి రేట్లు తెగ్గోసుకునేవి. ఆ తగాదా నీడలోనే నువ్వు బతికావు. ఇవాళ మూడు కిటికీల్లోనూ ఒకటే కాగితం.

బండి వెనక్కి తిప్పుతావు. గుర్రానికీ అర్థం కాలేదు. నిండు బండితో ఇంటికి పోవడం దానికి ఇదే మొదటిసారి.

*

మర్నాడు రాత్రి. టైటస్‌విల్ ఆపెరా హౌస్.

లోపలికి అడుగు పెట్టడం నీ వల్ల కావడం లేదు. మూడు వేల మంది. కుర్చీల మీద, మెట్ల మీద, కిటికీ అంచుల మీద మనుషులు. తడిసిన ఉన్ని కోట్ల నుంచి ఆవిరి లేస్తోంది. బావులు తవ్వేవాళ్లు, పీపాలు చేసేవాళ్లు, దుకాణదారులు, బ్యాంకువాళ్లు. రాజీ లేదని రాసిన జెండాలు తలల మీద ఊగుతున్నాయి. నిన్నటిదాకా ఒకరి గిరాకీని ఒకరు ఎగరేసుకుపోయినవాళ్లంతా ఇవాళ భుజం భుజం రాసుకుని నిలబడ్డారు. ముందు నిలబడి పోరు నడుపుతున్న వాళ్లలో జాన్ ఆర్చ్‌బోల్డ్ అనే కుర్రాడు ఉన్నాడు. 23 ఏళ్లు. ఊళ్లోనే చమురు శుద్ధి చేసే కార్ఖానా నడుపుతున్నాడు. ఆ పేరు గుర్తుపెట్టుకో.

కొన్ని రోజుల్లోనే ఆయిల్ సిటీలో ఇంకో సభ జరిగి, ఉత్పత్తిదారుల సంఘం పుడుతుంది. కాగితం నీ దగ్గరికి వస్తుంది. మూడు షరతులు. 60 రోజులు కొత్త బావి తవ్వకూడదు. ఆదివారం పంపు ఆపాలి. ఆ కంపెనీలో ఉన్నవాడికెవడికీ చుక్క చమురు అమ్మకూడదు.

కలం నీ చేతిలో ఉంది. సంతకం పెడితే రాబడి పోతుంది. పెట్టకపోతే పక్కవాడి ముఖం చూడలేవు.

పెడతావు.

నీలాగే పెట్టినవాళ్లలో ఫ్రాంక్లిన్ టార్బెల్ ఒకడు. సాయంత్రాలు ఇంట్లో పాడుతూ, నవ్విస్తూ ఉండే మనిషి. ఈ రోజుల్లో ముఖం గంటు పెట్టుకుని ఇంటికి వస్తున్నాడు. 14 ఏళ్ల కూతురు ఐడా అది చూస్తోంది. ఏం అడగడం లేదు. చూస్తోంది.

మొదటి ఆదివారం వస్తుంది. నీ బావి దగ్గర ఆవిరి ఇంజను ఆపేస్తావు. పక్క బావిదీ ఆగుతుంది. ఆ పైదీ ఆగుతుంది. లోయ పొడుగునా ఒక్కొక్కటే దడదడ ఆగిపోతుంటే, చెవిలో ఏదో ఊడిపోయినట్టు అనిపిస్తుంది. ఇన్నేళ్లలో మొదటిసారి వాగు పారే చప్పుడు వింటావు.

మార్చి మొదట్లో ఒకాయన వస్తాడు. శుభ్రమైన బూట్లు. ఈ ఊరివాడు కాదు.

"ఏడాది పొడుగునా మీ బావుల చమురంతా మేమే కొంటాం. బయటి ధర కన్నా ఎక్కువే ఇస్తాం. ఇవాళే సంతకం పెట్టుకుందాం."

నీ భార్య తలుపు వెనక నిలబడి వింటోంది. బ్యాంకు వాయిదా ఎప్పుడో నీకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. ఆయన వెళ్లాక ఆమె ఒక్క మాటే అడుగుతుంది.

"వచ్చే ఏడాది ఎంతిస్తాడటండీ?"

నీ దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గరా లేదు. ఈ ఏడాదే కొనేవాడు ఒక్కడైతే, వచ్చే ఏడాది ధర చెప్పేదీ వాడే.

*

మార్చి నడుమ క్లీవ్‌లాండ్ నుంచి నీ బావమరిది ఉత్తరం రాస్తాడు. రెండే ముక్కలు. "బావా, వెంటనే రా."

క్లీవ్‌లాండ్ నీ ఊరిలాంటిది కాదు. రైల్లోంచి దిగగానే ఈరీ సరస్సు మీంచి చలిగాలి ముఖాన కొడుతుంది. ఆ నీళ్లను బాగా చూడు. ఈ ఊరి అదృష్టమంతా అక్కడే ఉంది. ఎండాకాలం వస్తే ఇక్కడి కిరసనాయిలు పడవెక్కి, సరస్సు దాటి, ఈరీ కాలువలోంచి న్యూయార్కు పోగలదు. అందుకే ఇక్కడి రైల్వే అధికారి రేటు చెప్పేముందు ఒకసారి కిటికీలోంచి నీళ్ల వైపు చూసుకుంటాడు. నీ ఊళ్లో ఆ కిటికీ లేదు.

ఆ నీళ్లను అందరికన్నా బాగా వాడుకున్నవాడు జాన్ రాక్‌ఫెల్లర్. వయసు 32. ఆయన స్టాండర్డ్ ఆయిల్ ఈ ఊళ్లో అన్నిటికన్నా పెద్ద శుద్ధి కార్ఖానా. రెండేళ్ల కిందటే లేక్ షోర్ రైల్వేకు ఆయన తరఫువాళ్లు ఒక మాట ఇచ్చారు: రోజుకు 60 వ్యాగన్ల సరుకు, తప్పకుండా. దానికి బదులు రేటులో తగ్గింపు. రైల్వేకూ అది లాభమే. అరవై వ్యాగన్లు ఒకే చోట, ఒకే రకం సరుకుతో, రోజూ కదిలితే ఖర్చు నిజంగానే తగ్గుతుంది. ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేరు. కొత్త కంపెనీ చేసింది మాత్రం వేరు. ఆ కంపెనీ 2,000 వాటాల్లో 900 రాక్‌ఫెల్లర్‌, ఆయన మనుషుల చేతిలో ఉన్నాయి.

బావమరిది వంటింట్లో కూర్చుంటావు. అతని ముందు కాఫీ చల్లారిపోయింది. కార్ఖానా చిన్నది. రెండు పెద్ద కాగులు, పది మంది పనివాళ్లు. కట్టడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

"అమ్మెయ్యమన్నారు బావా. నగదన్నా తీసుకోవచ్చట, స్టాండర్డ్ షేర్లన్నా తీసుకోవచ్చట."

"వద్దను."

"అంటే? సరుకు ఏ బండిలో పంపను?"

నువ్వు మాట్లాడవు.

"రైల్వే ఆఫీసుకు వెళ్లాను. వాళ్లకిచ్చే రేటు నాకూ ఇవ్వమన్నాను."

"ఏమన్నారు?"

"వాళ్లంత సరుకు తెమ్మన్నారు."

గోడ గడియారం కొడుతోంది. ఈ వీధిలో ఇంకొకాయన నిన్నే సంతకం పెట్టాడు. ఇవాళ మరొకాయన. రాబర్ట్ హన్నా అని ఊళ్లో పేరున్న మనిషి. తన కార్ఖానాకు కనీసం 75 వేల డాలర్లు వస్తాయని లెక్కేసుకున్నాడు. చేతికొచ్చేది 45 వేలు.

నిలబడు అని చెప్పాలని ఉంది.

చెప్పగలవా?

రేపు అతని సరుకు కదలకపోతే కూలీ నువ్వు ఇస్తావా?

ఇవ్వలేవు.

షేర్లు తీసుకో అంటావా? ఆ కాగితాలు రేపు బంగారం కావచ్చు. చిత్తూ కావచ్చు. ఎవరికి తెలుసు?

అతను లేస్తాడు. కోటు తొడుక్కుంటాడు. చెయ్యి వణుకుతోంది. గుండీ పెట్టుకోలేకపోతున్నాడు. నువ్వే పెడతావు.

"నగదు తీసుకుంటా బావా."

తలుపు మూసుకుంటుంది.

*

ఆ వసంతంలో వాషింగ్టన్‌లో కాంగ్రెసు కమిటీ విచారణ జరిపి, ఒప్పందాన్ని బయటికి లాగుతుంది. జనవరి 18 తేదీతో ఉంది. పేపర్లో అచ్చయిన అంకెలు పట్టుకుని నీ షెడ్డులోకి వెళ్తావు. పీపా మూత మీద పెన్సిలుతో రాస్తావు.

న్యూయార్కుకు ఒక పీపా ముడి చమురు: 2 డాలర్ల 56 సెంట్లు.

ఇది అందరికీ. కంపెనీ కూడా ఇంతే కడుతుంది. కట్టాక రైల్వే దానికి 1 డాలరు 6 సెంట్లు తిరిగిస్తుంది. అంటే కంపెనీకి పడేది డాలరున్నర.

ఇక్కడిదాకా నీకు తెలిసినదే. పెద్ద గిరాకీకి తగ్గింపు ఇవ్వడం సంతలోనూ ఉంది. కింది వరస చదువు.

నువ్వు పంపే పీపా మీద కూడా ఆ 1 డాలరు 6 సెంట్లు కంపెనీకే పోతాయి.

పెన్సిలు ఆగిపోతుంది. మళ్లీ చదువుతావు. నీ చమురు. నీ పీపా. నువ్వు కట్టిన బాడుగ. అందులోంచి డాలరు పైన తీసి నీ పోటీదారుడి చేతిలో పెడతారు. నువ్వు ఎంత ఎక్కువ పంపితే వాడు అంత బలుస్తాడు. ఇంకో షరతు కూడా ఉంది. ఎవరెవరు ఎంత చమురు ఎక్కడికి పంపారో చెప్పే వేబిల్లుల నకళ్లు రోజూ ఆ కంపెనీ ఆఫీసుకు చేరాలి. నీ గిరాకీ ఎవరో, ఎంత కొంటున్నాడో వాడి బల్ల మీద ఉంటుంది.

రైల్వేలకు ఇందులో ఏం ఒరుగుతుందని నీకు అనుమానం వస్తుంది. రావాలి కూడా. పట్టాలు చూడు. కొండను తొలిచి, వంతెనలు కట్టి, అప్పు తెచ్చి వేసినవి. బండి నడిచినా, నడవకపోయినా ఆ అప్పు వడ్డీ అడుగుతూనే ఉంటుంది. ఒకసారి పట్టాలు పడ్డాక ఇంకో పది వ్యాగన్లు తగిలించడానికి అయ్యేది బొగ్గూ, కూలీ మాత్రమే. కాబట్టి మూడు రైల్వేలు ఒకే సరుకు కోసం కొట్టుకుంటే, రేటు ఆ బొగ్గూ కూలీల దాకా దిగిపోతుంది. పట్టాల అప్పు మాత్రం తీరదు. మూడూ నెత్తురు కక్కుకుంటాయి. ఆ భయం నిజమైనదే. దాన్ని తప్పించుకోవడానికే ఈ కాగితం. సరుకులో పెన్సిల్వేనియాకు నూటికి 45 పాళ్లు, ఈరీకి 27.5, న్యూయార్క్ సెంట్రల్‌కు 27.5. ఆ పంపకం తప్పకుండా చూసే కాపలాదారు ఆ కంపెనీ. 1 డాలరు 6 సెంట్లు కాపలా కూలీ.

ఆ కూలీ ఇచ్చేది మాత్రం నువ్వు.

*

మీరు నిలబడ్డారు. అదీ చూడు.

ఆయిల్ సిటీ డెరిక్ పత్రిక ఆ కంపెనీ మనుషుల పేర్లు నల్ల గీతల మధ్య రోజూ అచ్చేస్తోంది. హారిస్‌బర్గ్‌లో శాసనసభకు 93 అడుగుల పొడుగున్న అర్జీ వెళ్తుంది. దాన్ని చుట్టేటప్పుడు ఒక కొస నువ్వు పట్టుకుంటావు. ముడి చమురు అందక క్లీవ్‌లాండ్‌లో స్టాండర్డ్ కాగులు చల్లబడుతున్నాయి. మార్చి 25న న్యూయార్కులో రైల్వేలు దిగొస్తాయి. అందరికీ ఒకే రేటు. దొంగచాటు తగ్గింపు ఎవరికీ లేదు. ఏప్రిల్‌లో శాసనసభ ఆ కంపెనీ అనుమతినే రద్దు చేస్తుంది. ఆ ఒప్పందం కింద ఒక్క పీపా కూడా కదలలేదు.

ఊరు ఊరంతా కావలించుకుంటుంది. నువ్వూ ఏడుస్తావు, నవ్వుతావు. మళ్లీ బండి కట్టుకుని గూడ్సు షెడ్డుకు వెళ్తావు. కుర్రాడు తలెత్తి నవ్వుతాడు.

అప్పుడు గుర్తొస్తుంది. బావమరిది కార్ఖానా తిరిగి రాదు.

క్లీవ్‌లాండ్‌లో 26 శుద్ధి కార్ఖానాలుండేవి. ఆ కొద్ది వారాల్లో ఇరవైకి పైగా స్టాండర్డ్ చేతిలోకి పోయాయి. రోజుకు 1,500 పీపాలు శుద్ధి చేసే కంపెనీ 10 వేల పీపాలకు పెరిగింది. కత్తి దిగలేదు. ఒర దూసిన చప్పుడుకే మనుషులు పడిపోయారు.

ఇక ఆ 10 వేల పీపాలు చేతిలో ఉన్నవాడికి ఏ రైల్వే ఎదురు చెప్పగలదు? సంతకాల సిరా ఆరకముందే తగ్గింపులు చాటుగా మళ్లీ మొదలవుతాయి. 1874లో రైల్వేలు ఒక సర్క్యులరు తెస్తాయి. ముడి చమురు నీ ఊరి నుంచి 150 మైళ్లు పడమటికి క్లీవ్‌లాండ్ వెళ్లి, అక్కడ కిరసనాయిలై, మళ్లీ తూర్పుకు తిరిగొచ్చినా, మొత్తం బాడుగ నీ ఊళ్లోనే శుద్ధి చేసి పంపినవాడికి ఎంత పడుతుందో అంతే. ఆ 150 మైళ్లు ఉచితం. రైలు బాడుగ దూరాన్ని బట్టి ఉంటుందని నువ్వు ఇన్నాళ్లూ నమ్మావు. కాదు. ఎవరికి వేరే దారి ఉందో, ఎవరికి లేదో చూసి ఉంటుంది.

1875లో ఇంకో దెబ్బ. ఆపెరా హౌస్ రోజుల్లో ముందు నడిచిన ఆర్చ్‌బోల్డ్ స్టాండర్డ్‌లో చేరిపోతాడు. కోపం రావాలి. వస్తుంది కూడా. ఆ రాత్రి నిద్రపట్టక పడుకుని, బావమరిది కోటు గుండీ గుర్తు చేసుకుంటావు. కోపం కొంచెం తగ్గుతుంది.

*

1879. ఇప్పుడు నీ బావులు ఉత్తరాన బ్రాడ్‌ఫర్డ్ దగ్గర. చమురు పొంగిపోతోంది. పంపే దారి లేదు. ఊళ్లోని గొట్టాలూ తొట్లూ స్టాండర్డ్ మనుషులవి, బయటి పట్టాలు వాళ్ల మాట వినే రైల్వేలవి. తొట్లు నిండిపోయాయంటారు. వెంటనే అమ్మితేనే పంపుతామంటారు. ఆ ధర బయటి ధర కన్నా తక్కువ. తెల్లారక ముందే వాళ్ల ఆఫీసు ముందు వరసలో నిలబడతావు. వెనక నీ బావి చమురు కట్ట తెంచుకుని నేల మీద పారుతోంది. నీ డబ్బు వాగులోకి పోతుంటే చూస్తూ నిలబడతావు.

అప్పుడు కొందరు ఒక పిచ్చి పని తలపెడతారు. బైరన్ బెన్సన్, మరో ఇద్దరు ముగ్గురు. వాళ్ల కంపెనీ పేరు టైడ్‌వాటర్. ఆరంగుళాల ఇనప గొట్టం. 109 మైళ్లు. అలెఘెనీ కొండల మీదుగా కోరీవిల్ నుంచి విలియమ్స్‌పోర్టుకు. చమురు అంత దూరం, అంత ఎత్తు గొట్టంలో ఎక్కడం ఇంతవరకూ లోకంలో ఎవరూ చూడలేదు. ఎక్కగలిగితే విలియమ్స్‌పోర్టులో రీడింగ్ రైల్వే అందుకుంటుంది. అది ఆ మూడింటిలో లేదు.

డబ్బు పెడతావా? చేతిలో ఉన్నది కొంచెమే. కొండెక్కకపోతే అదీ పోతుంది.

పెడతావు. అమ్ముకోవడానికి వరసలో నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి.

స్టాండర్డ్ మనుషులు పని సాగనివ్వరు. గొట్టం పోయే దారికి అడ్డంగా పొలాలు కొనేస్తారు. రైలు కట్ట కింద గొట్టం దాటనివ్వం అంటారు రైల్వేలవాళ్లు. బెన్సన్ వాళ్లు దారి మార్చి, చుట్టు తిరిగి, మంచులో గుర్రాలతో గొట్టాలు లాగిస్తారు.

మే 28. కోరీవిల్.

పంపు మొదలవుతుంది. నేల అదురుతోంది. నువ్వు గొట్టం పక్కన నడుస్తావు. చమురు లోపల మెల్లగా సాగుతోంది. వంగి చెవి ఆనిస్తావు. చల్లటి ఇనుము. లోపల బుసబుస.

కొండ మొదలైంది.

గొట్టం ఆగిందా? లేదు.

అతుకు దగ్గర చెమ్మ. వేలు పెడతావు. చమురా, మంచా? మంచే.

పైకి. ఇంకా పైకి.

పగిలితే?

పగల్లేదు.

శిఖరం. చెవి ఆనించు.

ఉంది.

దిగుతోంది.

జూన్ 4 సాయంత్రం విలియమ్స్‌పోర్టులో గొట్టం చివర ముందు గాలి ఊదుతుంది, తర్వాత నల్లటి ధార దూకుతుంది. నీ బూట్ల మీద పడుతుంది. నువ్వు పక్కకు జరగవు.

ఇక రైల్వే కిటికీ దగ్గరికి వెళ్లు. న్యూయార్కుకు పీపా ముడి చమురు బాడుగ నిన్నటిదాకా డాలరు పైన. ఇప్పుడు తగ్గుతోంది. మళ్లీ తగ్గుతోంది. సెంట్లలోకి దిగిపోతుంది. పట్టాలు అవే. ఇంజను అదే. బొగ్గు ధర మారలేదు. కొండల ఎత్తు తగ్గలేదు. మారింది ఒక్కటే: ఆరంగుళాల గొట్టం. ఇన్నేళ్లూ నువ్వు కట్టిన బాడుగలో చమురు మోసినందుకు ఎంత, నీకు వేరే దారి లేనందుకు ఎంత అన్నది ఇప్పుడు విడివిడిగా కనిపిస్తోంది.

ఆనందపడు, కానీ బెన్సన్ ముఖం చూడు. ఆయన నవ్వడం లేదు. ఇంత తక్కువ రేటు నీ మీద ప్రేమతో పెట్టింది కాదు, గొట్టాన్ని ఆకలితో చంపడానికి పెట్టింది. చవక రేట్లలోనూ రెండు రకాలున్నాయి. రెండు దారులూ బతికి ఉండగా వచ్చిన చవక నిలుస్తుంది. రెండో దారిని పూడ్చడానికి వచ్చిన చవక పూడ్చేదాకే.

గొట్టం చావలేదు. కానీ ఒంటరిగా ఎంతకాలం? స్టాండర్డ్ తానే గొట్టాలు వేసింది. 1883లో రెండూ కూర్చుని పంచుకున్నాయి. తూర్పుకు పోయే చమురులో స్టాండర్డ్‌కు నూటికి 88.5 పాళ్లు, టైడ్‌వాటర్‌కు 11.5. దారులు రెండున్నా, బేరం ఒక్కటైపోయింది.

*

1887. నీ గడ్డం నెరిసింది. ఫిబ్రవరి 4న అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. రాష్ట్రాలు దాటే రైలు బాడుగ న్యాయంగా ఉండాలి. ఒకడికి చాటుగా తగ్గించి ఇంకొకడి దగ్గర ఎక్కువ గుంజకూడదు. అదే దారిలో, అదే పరిస్థితుల్లో, దూరపు ఊరికన్నా దగ్గరి ఊరికి ఎక్కువ వసూలు చెయ్యకూడదు. రేట్లు పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి, ప్రతి స్టేషన్‌లో జనానికి కనబడేలా ఉంచాలి. ఈ చట్టానికి పళ్లు రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. 1906లో గానీ గరిష్ఠ రేటు పెట్టే అధికారం ప్రభుత్వ కమిషన్‌కు రాదు. స్టాండర్డ్‌ను సుప్రీంకోర్టు ముక్కలు చేసేది 1911లో. అందుకు దారి వేసిన రాతల్లో పెద్దది ఆనాడు ఏం అడక్కుండా తండ్రి ముఖం చూస్తూ కూర్చున్న ఐడా టార్బెల్ రాస్తుంది.

అవన్నీ తర్వాత. ఈ పొద్దుటికి నువ్వు టైటస్‌విల్ గూడ్సు షెడ్డులో ఉన్నావు. అదే బురద, అదే కంపు. కుర్రాడు మారాడు. అచ్చు కాగితం తెచ్చి నీ ముందు పెడతాడు.

వరస మీద వేలు పెట్టి చదువుతావు. నీకూ, నీ ముందున్నవాడికీ, నీ వెనకున్నవాడికీ ఒకటే అంకె. పదిహేనేళ్ల కిందట ఈ కిటికీ ముందు నీ చెయ్యి పీపా మీద గడ్డకట్టుకుపోయింది. ఆ చేత్తోనే ఇవాళ ఆ కాగితం తడుముతావు. నీ నల్లటి వేలిముద్ర దాని మీద పడుతుంది.

తర్వాత తలెత్తి తలుపులోంచి బయటికి చూడు. నీ ఊళ్లోంచి బయటికి పోయే దారులు ఎన్నున్నాయో లెక్కపెట్టు. ఆ దారుల యజమానులు ఎందరో కూడా లెక్కపెట్టు. అప్పుడు పీపాలు దింపించు.